నలభై నానోమీటర్ల పొర మీదే అంతా

కడపలో మే మధ్యాహ్నం 42 డిగ్రీలు, అంటే 315 కెల్విన్. 2 కెల్విన్ చలిలో పుట్టిన ఒక్క వాట్ వేడిని తోడి ఆ ఎండలో పారబోయాలంటే, ఏ లోపమూ లేని యంత్రానికే 156 వాట్లు కావాలి. నిజమైన హీలియం ప్లాంట్లు (ద్రవ హీలియంతో చల్లబరిచే యంత్రాలు) 800 వాట్ల దాకా లాగుతాయి. అయినా నయోబియం కేవిటీలకు, అంటే కణాలకు వేగం పెంచే మైక్రోవేవ్ శక్తిని నిలిపి ఉంచే బోలు లోహపు డబ్బాలకు, ఈ ఖర్చు గిట్టుబాటే. అంత చలిలో నయోబియం అతివాహకం, అంటే కరెంటుకు దాదాపు అడ్డే చెప్పదు. రాగి కేవిటీ గోడల్లో వృథా అయ్యే పవర్‌తో పోలిస్తే వీటిలో పోయేది లక్షో వంతు కూడా ఉండదు.

జర్మనీలోని యూరోపియన్ ఎక్స్‌ఫెల్ యాక్సిలరేటర్‌లో వాడే కేవిటీ పొడవు సుమారు మీటరు, గదులు తొమ్మిది. లోపలి విద్యుత్ క్షేత్రం సెకనుకు 130 కోట్ల సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. సరైన క్షణంలో వచ్చిన ఎలక్ట్రాన్ల గుంపును ప్రతి గదీ ముందుకే తోస్తుంది. మీటరుకు రెండు కోట్ల వోల్టుల పైమాటే. దాని క్యూ ఫ్యాక్టర్, అంటే లోపలి శక్తి ఎంత నెమ్మదిగా ఇంకిపోతుందో చెప్పే కొలత, వెయ్యి కోట్లు. దేవుని కడప గుడిగంటకు అంత క్యూ ఉంటే సంక్రాంతికి కొట్టిన మోత ఉగాదికి కూడా వినిపిస్తుంది.

కరెంటు పారేది లోపలి గోడలో పైపైన 40 నానోమీటర్ల మందంలోనే. దాదాపు 3 మిల్లీమీటర్ల రేకులో మిగతాదంతా బలానికీ, వేడి హీలియంలోకి దిగడానికీ. తయారీలో తిప్పలన్నీ ఆ పొర కోసమే. రేకును గిన్నెల్లా నొక్కి, వాక్యూమ్‌లో ఎలక్ట్రాన్ బీమ్‌తో వెల్డ్ చేస్తారు. గాలి తగిలితే వేడెక్కిన నయోబియం ఆక్సిజన్, నైట్రోజన్‌లను పీల్చుకుంటుంది, దాని ఉష్ణవాహకత పడిపోతుంది. నొక్కుడులో దెబ్బతిన్న పైపొరను హైడ్రోఫ్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో ఎలక్ట్రోపాలిష్ చేసి వంద మైక్రాన్లకు పైగా తీసేస్తారు. ఇక్కడే ఇంకో చిక్కు: ఆమ్లం నుంచి హైడ్రోజన్ లోహంలోకి దూరుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే, చల్లబరిచేటప్పుడు 100–150 కెల్విన్ దగ్గర కాస్త ఆలస్యమైనా హైడ్రైడ్ (నయోబియం, హైడ్రోజన్ కలిసిన పదార్థం) మచ్చలు కట్టి క్యూ పాతాళానికి పోతుంది. అందుకే వాక్యూమ్ కొలిమిలో 800 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాలుస్తారు.

ఆ తర్వాత క్లీన్‌రూమ్‌లో 100 బార్ పీడనంతో అతిశుద్ధ జలం చిమ్ముతూ గంటల తరబడి కడుగుతారు. అసలు ఓపిక కావలసింది ఈ దశలోనే. మైక్రాన్ ధూళికణం ఒక్కటి మిగిలినా చాలు, బలమైన క్షేత్రంలో అది ఎలక్ట్రాన్లు చిమ్ముతుంది. ఎక్స్‌రేలు, వేడి పుడతాయి. ఏ మూలైనా నయోబియం 9.2 కెల్విన్ దాటిందా, అతివాహకత పోయి కేవిటీలోని శక్తంతా మిల్లీసెకన్లలో వేడైపోతుంది. దీన్నే క్వెంచ్ అంటారు.

క్వాంటమ్ కంప్యూటర్లకు ఇలాంటి కేవిటీలనే సుమారు 20 మిల్లీకెల్విన్‌కు చల్లబరిచి, ఒకట్రెండు మైక్రోవేవ్ ఫోటాన్లను (శక్తి రేణువులను) దాస్తారు. అమెరికాలోని ఫెర్మీల్యాబ్ ఆ ఫోటాన్ల ఆయుష్షును రెండు సెకన్ల దాకా పెంచినట్టు 2020లో ప్రచురించింది. యాక్సిలరేటర్‌లో పెద్దగా లెక్కలోకి రాని విషయం ఇక్కడ ప్రాణం తీస్తుంది. గాలి తగిలిన నయోబియం మీద 5 నానోమీటర్ల ఆక్సైడ్ పేరుకుంటుంది. బలమైన క్షేత్రంలో దాని లోపాలు శక్తిని పీల్చి నిండిపోయి ఊరుకుంటాయి. ఒక్క ఫోటానే ఉంటే దాన్ని అవే మింగేస్తాయి. వాక్యూమ్‌లో 350 డిగ్రీల ప్రాంతంలో కాలిస్తే ఆక్సైడ్ లోహంలో కరిగిపోతుంది. మళ్లీ గాలి తగిలితే మళ్లీ కడుతుంది. పైగా లెక్కలు చేయాలంటే లోపల క్యూబిట్ (క్వాంటమ్ కంప్యూటర్ లెక్కకు మూల యూనిట్) చిప్ పెట్టక తప్పదు. అది పెట్టగానే సెకన్ల ఆయుష్షు మిల్లీసెకన్లకు పడిపోతుంది.