టాంజానియా అధ్యక్ష ఎన్నిక: కోర్టు దారి ఎక్కడ మూసుకుపోయింది?

2025 అక్టోబర్ 29 ఎన్నికల్లో సమియా సులుహు హసన్‌కు దాదాపు 98 శాతం ఓట్లు వచ్చాయని టాంజానియా ఎన్నికల సంఘం ప్రకటించింది. ప్రధాన ప్రతిపక్షం చాదెమాను పోటీకే రానివ్వలేదు. దాని నాయకుడు టుండు లిస్సు అప్పటికే దేశద్రోహం కేసులో జైల్లో ఉన్నారు. ఆందోళనలు, ఇంటర్నెట్ బంద్ వార్తల్లో చూశాం. మరి ఈ ఫలితంపై కోర్టుకు ఎందుకు వెళ్లరు?

వెళ్లే వీలు లేదు. అధ్యక్షుడు ఎన్నికైనట్టు సంఘం ప్రకటించాక ఏ కోర్టూ ఆ ఎన్నికను విచారించకూడదని రాజ్యాంగం 41(7) అధికరణంలోనే రాసి ఉంది. పక్కనున్న కెన్యాలో 2017లో సుప్రీంకోర్టు ఏకంగా అధ్యక్ష ఎన్నికనే కొట్టేసింది.

ఆఫ్రికా మానవ హక్కుల కోర్టు టాంజానియాలోనే, అరూషాలో ఉంది. పౌరులు నేరుగా అక్కడ కేసు వేయాలంటే వాళ్ల దేశ ప్రభుత్వం ప్రత్యేకంగా ఒప్పుకోవాలి. 2010లో ఒప్పుకున్న టాంజానియా 2019 నవంబర్‌లో ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. తాము పెట్టిన షరతులను కోర్టు పట్టించుకోలేదన్నది ప్రభుత్వ వాదన. కథను చాలామంది ఇక్కడి నుంచే చెబుతారు. నాకు మాత్రం అసలు మలుపు 2013 జూన్ 14న కనిపిస్తుంది.

ఆ రోజు తీర్పు వచ్చింది పాస్టర్ క్రిస్టఫర్ మ్టికిలా కేసులో. ఏ పార్టీ టికెట్టూ లేకుండా స్వతంత్రంగా పోటీ చేయనివ్వాలన్నది ఆయన పట్టు. 1994లో హైకోర్టు ఆయన పక్షాన తీర్పిస్తే పార్లమెంటు రాజ్యాంగాన్నే సవరించి దాన్ని పనికిరాకుండా చేసింది. ఆయన మళ్లీ కోర్టుకెక్కి 2006లో మళ్లీ గెలిచారు. 2010లో అప్పీలు కోర్టు దాన్ని తిరగ్గొట్టింది. మన కేశవానంద భారతి కేసు ప్రస్తావన కూడా అక్కడ వచ్చింది. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చలేదన్న ఆ కేసు సిద్ధాంతం తమకు వర్తించదన్నారు జడ్జీలు. రాజ్యాంగంలోని నిబంధనను కొట్టేసే అధికారం కోర్టులకు లేదని, అది పార్లమెంటు తేల్చుకోవాల్సిన విషయమని చెప్పారు.

మ్టికిలా అరూషాకు వెళ్తే ప్రభుత్వం సాంకేతిక అభ్యంతరం ఎత్తింది. దేశంలో ఉన్న మార్గాలన్నీ చూసుకున్నాకే ఇక్కడికి రావాలి, రాజ్యాంగ సమీక్ష ఇంకా నడుస్తోంది, పార్లమెంటు ఉంది, అప్పుడే రావడమేంటి అంది. చూడ్డానికి సబబుగానే ఉంది. కోర్టు ఒప్పుకోలేదు. మార్గం అంటే ముఖ్యంగా కోర్టు మార్గమే. పార్లమెంటు ప్రక్రియ మెజారిటీ ఇష్టంపై ఆధారపడేది, ఎప్పుడైనా ఆపేయొచ్చు, ఒక్క పౌరుడు దాన్ని కదిలించలేడు అని చెప్పింది. అసలు విషయంలోనూ మ్టికిలాయే గెలిచారు. నిబంధన మాత్రం మారలేదు. 2015లో ఆయన రోడ్డు ప్రమాదంలో చనిపోయారు.

ఆ సాంకేతిక నిర్ణయం ఎంత దూరం వెళ్లిందో 2020 జూలైలో తెలిసింది. 41(7)నే సవాలు చేస్తూ వచ్చిన జెబ్రా కంబోలే కేసులో ప్రభుత్వం పాత పాటే పాడింది: ముందు మా హైకోర్టుకు వెళ్లాలి. వెళ్లి ఏం లాభం, రాజ్యాంగ నిబంధన జోలికి పోలేమని మీ అప్పీలు కోర్టే 2010లో చెప్పింది కదా అన్నట్టుగా అరూషా జవాబిచ్చింది. స్వదేశంలో గెలిపించిన వాదనే ఇక్కడ ఎదురు తిరిగింది. 41(7) ఆఫ్రికా మానవ హక్కుల ఒప్పందానికి (చార్టర్) విరుద్ధమని తేల్చి, సవరించమని ఆదేశించింది. అప్పటికే ప్రభుత్వం అనుమతి వెనక్కి తీసుకుని ఎనిమిది నెలలు.

వెనక్కి తీసుకున్నా అది ఏడాది తర్వాతే అమల్లోకి వస్తుందని రువాండా కేసులో కోర్టు 2016లోనే చెప్పి ఉంది. టాంజానియాకు ఆ గడువు 2020 నవంబర్ 22. అంతకుముందు వేసిన కేసులు బతికాయి. ఎన్నికల అధికారుల నియామకంపై వాంగ్వే కేసులో 2023లో తీర్పు రావడం అందుకే. 2020 అక్టోబర్ 28 ఎన్నికల తర్వాత అరూషా తలుపు ఇంకా 25 రోజులు ఓరగా తెరిచే ఉంది. 2025 ఓటర్లకు అదీ లేదు.

ఇక మిగిలిన పెద్ద దారి గాంబియా రాజధాని బంజుల్‌లోని ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్. పౌరులు అక్కడ ఫిర్యాదు చేయొచ్చు, కమిషన్ తలచుకుంటే కోర్టుకు పంపొచ్చు. అక్కడా మొదట అడిగేది అదే, దేశంలో మార్గాలన్నీ చూసుకున్నారా అని. 41(7) ఉన్నంతకాలం, అధ్యక్ష ఎన్నిక విషయంలో దేశంలో ఏ కోర్టు మార్గమూ లేదన్న జవాబు ప్రభుత్వమే రాసిచ్చినట్టు.