విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరుచుకునే ఫైలు మిడిల్‌వేర్‌కు ఎందుకు అందదు?

రాయగడ వైపు మిల్లులకు పార్వతీపురం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి సరుగుడు, జామాయిల్ కర్రతో లారీలు వస్తుంటాయి. లారీ కాటా ఎక్కగానే అక్కడి కంప్యూటర్ బరువు నమోదు చేసి, ఒక చిన్న ఫైలును షేర్డ్ ఫోల్డర్‌లో పెడుతుంది. ఆ ఫైలు చదివి లెక్కల సర్వర్‌కు చేరవేసేది మిడిల్‌వేర్. అది చదవలేకపోయిన రోజు కర్ర తోలిన రైతుకు బిల్లు పడదు. "ఫోల్డర్ నాకు తెరుచుకుంటోంది కదండీ" అంటారు కాటా దగ్గర గుమాస్తా. ఆయన చెప్పేది నిజమే. తగాదా మూలం మాత్రం నలభై ఏళ్ల వెనక ఉంది.

1980ల మొదట్లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి అయిన ఎస్‌ఎంబీ ప్రోటోకాల్‌కు రూపమిచ్చారు. పక్క యంత్రంలోని ఫైలును సొంత డిస్కులో ఉన్నట్టే వాడుకోవాలన్నది ఉద్దేశం. మైక్రోసాఫ్ట్ దాన్ని ల్యాన్ మేనేజర్ అనే తన నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌లోకి, తర్వాత విండోస్‌లోకి తెచ్చింది. 1992లో ఆండ్రూ ట్రిడ్జెల్ విడుదల చేసిన ప్రోగ్రాము సాంబాగా ఎదిగి యూనిక్స్, లినక్స్ యంత్రాలనూ ఈ వాడకంలోకి లాగింది.

ఈ ఏర్పాట్లన్నీ లాగిన్ అయి కూర్చున్న మనిషి చుట్టూ అల్లుకున్నవి. మిడిల్‌వేర్ సర్వీసుగా, అంటే ఎవరూ లాగిన్ కాకపోయినా వెనకాల నడిచే ప్రోగ్రాముగా పనిచేస్తుంది, దానికి కుర్చీలో మనిషి ఉండడు. షేర్డ్ ఫోల్డర్‌కు గుమాస్తా పెట్టుకున్న జెడ్ డ్రైవ్ ఆయన లాగిన్‌కే చెందుతుంది, సర్వీసుకు అలాంటి డ్రైవ్ ఉన్నట్టే తెలియదు. అందుకే సర్వర్ పేరు, షేర్ పేరుతో పూర్తి దారి ఇవ్వాలి. అంతటితో అయిపోదు. విండోస్ సొంత ఖాతా అయిన లోకల్ సిస్టమ్ కింద నడిచే సర్వీసు, డొమైన్ (ఆఫీసు యంత్రాల ఖాతాలన్నీ ఒకేచోట ఉంచే ఏర్పాటు) ఉన్నచోట కంప్యూటర్ ఖాతా పేరుతోనే అవతలి తలుపు తడుతుంది. షేర్ మీద ఆ ఖాతాకు సాధారణంగా ఎవరూ అనుమతి ఇవ్వరు. సర్వీసుకు విడిగా ఒక ఖాతా తెరిచి, షేర్ మీదా ఫోల్డర్ మీదా రెండు చోట్లా హక్కులివ్వడమే సరైన పద్ధతి. అందరికీ అనుమతి అని టిక్ పెట్టేయడం ప్రమాదం, రైతు డబ్బు లెక్క ఆ ఫైళ్లలోనే ఉంది.

రెండో మలుపు 2017. ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపాన్ని మైక్రోసాఫ్ట్ మార్చిలో సరిచేసింది. ఆ అప్‌డేట్ వేసుకోని యంత్రాలను మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై వైరస్ చుట్టేసింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ ఏడాది అక్టోబర్ నుంచి కొత్త విండోస్‌లో మొదటి వెర్షన్ సర్వర్ భాగం దానంతటదే ఇన్‌స్టాల్ కావడం ఆగిపోయింది. చాలా ఆఫీసుల్లో పాత యంత్రాల్లోనూ దాన్ని తీసేశారు. అది తప్పక చేయాల్సిన పనే. అయితే జావాలో రాసిన మిడిల్‌వేర్లలో కొన్ని జేసీఐఎఫ్‌ఎస్ అనే లైబ్రరీ మీద ఆధారపడేవి. దాని పాత వెర్షన్లకు ఎస్‌ఎంబీ 1 తప్ప మరొకటి రాదు. కాబట్టి ఎక్స్‌ప్లోరర్ ఎస్‌ఎంబీ కొత్త వెర్షన్‌తో హాయిగా ఫోల్డర్ తెరుస్తుంటే, మిడిల్‌వేర్‌కు కనెక్షనే కుదరదు. ఇలాంటప్పుడు మార్చాల్సింది లైబ్రరీని. జేసీఐఎఫ్‌ఎస్ ఎన్‌జీ, ఎస్‌ఎంబీజే లాంటి లైబ్రరీలకు కొత్త వెర్షన్లు కూడా వచ్చు. ఎస్‌ఎంబీ 1ను మళ్లీ ఆన్ చేయమనే సలహా ఎవరిచ్చినా వినొద్దు.

ఇక సగం ఫైలు సంగతి. మిడిల్‌వేర్ లినక్స్ మీద ఉంటే, ఫైళ్లలో మార్పులు కబురు చేసేందుకు అక్కడ 2005లో వచ్చిన ఐనోటిఫై, వేరే యంత్రం షేర్‌లో చేసిన మార్పులను చెప్పదు. అందుకని మిడిల్‌వేర్ కొన్ని సెకన్లకోసారి ఫోల్డర్‌లోకి తొంగి చూస్తుంటుంది. కాటా కంప్యూటర్ ఇంకా రాస్తుండగానే చూస్తే సగం చీటీనే ఎత్తుకుపోవచ్చు. మొదట తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక అదే ఫోల్డర్‌లో అసలు పేరుకు మార్చడం మంచి మందు. పాత కాటా ప్రోగ్రాములో ఆ మార్పు చేయించే వీలు లేకపోతే, రెండుసార్లు చూసినా ఫైలు సైజు మారలేదని తేలాకే చదివేలా మిడిల్‌వేర్‌లో పెట్టుకోవాలి. మిడిల్‌వేర్ కట్టడానికి వాడే అపాచీ క్యామెల్‌లో దీనికి సెట్టింగ్ ఉంది. నెట్‌వర్క్ నిదానంగా ఉండే చోట ఆ రెండు చూపుల మధ్య వ్యవధి కాస్త పెంచుకోవాలి.