గర్భిణుల కడుపునొప్పి: దొంగ నొప్పులు, నిజం నొప్పులు

గర్భం లేనప్పుడు గర్భసంచి బరువు సుమారు 70 గ్రాములు. నెలలు నిండేసరికి, బిడ్డనూ మాయనూ ఉమ్మనీటినీ లెక్కలోకి తీసుకోకుండానే, ఆ సంచి ఒక్కటే దాదాపు కిలో తూగుతుంది. అంతగా పెరిగే కండరం పేగులను పక్కకు నెడుతూ పొట్టనంతా ఆక్రమిస్తున్నప్పుడు ఏ నొప్పీ రాకపోతేనే ఆశ్చర్యపడాలి. నొప్పి ఎంత ఉందన్న దానికంటే అది ఎలా వస్తోంది, ఎలా పోతోంది, వెంట ఇంకేమి తెస్తోంది అన్నవే వైద్యులకు ఎక్కువ సంగతులు చెబుతాయి.

నాలుగో నెల దాటాక చాలామందికి పొత్తికడుపులో ఒక పక్క, ఎక్కువగా కుడివైపు, చురుక్కుమని పొడిచినట్టు అవుతుంది. గర్భసంచి పైమూలల నుంచి గజ్జల దాకా వెళ్లే రెండు బంధనాలు సాగడమే ఇందుకు కారణం. దగ్గినప్పుడో, ఆటోలోంచి గబుక్కున దిగినప్పుడో వచ్చి, క్షణాల్లో తగ్గిపోతుంది. ఇక ప్రొజెస్టరాన్ అనే హార్మోను పేగుల కదలికను మందగింపజేయడం వల్ల గ్యాసు, మలబద్ధకం వస్తాయి. ఐరన్ మాత్రలు దీన్ని కొంత పెంచినా, వాటిని సొంతంగా మానేయకూడదు.

అసలు చిక్కు గర్భసంచి తానుగా బిగుసుకున్నప్పుడు వస్తుంది. నెలలు నిండకముందే అది అప్పుడప్పుడు బిగుసుకుని వదులుతుందని 1872లో జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ అనే ఆంగ్ల వైద్యుడు వివరించాడు. మన ఇళ్లలో దొంగ నొప్పులనేవి చాలావరకు ఇవే. గర్భం పొడుగునా ప్రొజెస్టరాన్ ఈ కండరాన్ని అదుపులో ఉంచడం వల్ల, ఒకచోట పుట్టిన బిగువు అంతటా పాకదు. కాన్పు దగ్గరపడే కొద్దీ కండర కణాల మధ్య విద్యుత్ సంకేతాలు సాగే దారులు ఏర్పడి, ఆక్సిటోసిన్ అనే హార్మోనుకు స్పందించే గుణం పెరిగి, సంచి మొత్తం ఒకే ఊపున బిగుసుకోవడం నేర్చుకుంటుంది. అందుకే పురిటి నొప్పులు ఒక క్రమంలో వస్తాయి, వచ్చే కొద్దీ దగ్గరవుతాయి, బలపడతాయి, పక్కకు తిరిగి పడుకున్నా ఆగవు.

హైదరాబాదులో ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలలో ఒంట్లో నీరు తగ్గి దొంగ నొప్పులు పెరగడం మామూలే. నీళ్లు తాగి, ఎడమవైపు తిరిగి పడుకుని, గడియారం చూస్తూ నొప్పికీ నొప్పికీ మధ్య వ్యవధిని గమనిస్తే తేడా తెలుస్తుంది. వాము కషాయం ఇచ్చి, తగ్గితే దొంగ నొప్పులని తేల్చే పెద్దలున్నారు. కషాయం గ్యాసును తగ్గించగలదేమో గానీ, నిజం నొప్పులను పట్టి చూపదు. 37 వారాలు నిండకముందే నొప్పులు క్రమంగా వస్తుంటే ఇలా ఇంట్లో పరీక్షలు పెట్టుకుంటూ కూర్చోవడం నష్టం. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పరిణతి చెందడానికి అవసరాన్ని బట్టి తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షను పనిచేయడానికి గంటల వ్యవధి కావాలి.

గర్భసంచి బిగువుతో పోల్చకూడని నొప్పులు వేరే ఉన్నాయి. మొదటి మూడు నెలల్లో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, భుజం కొసన నొప్పి ఉంటే, పిండం గర్భసంచిలో కాక అండవాహికలో నాటుకుని ఆ వాహిక చిట్లిందేమోనని అనుమానించాలి. చివరి నెలల్లో పొట్ట చెక్కలా గట్టిపడి వదలకపోతే, మాయ ముందుగానే ఊడుతూ ఉండవచ్చు. రక్తం మాయ వెనకే నిలిచిపోవచ్చు కనుక బయటికి కనిపించకపోయినా ధైర్యపడరాదు. అన్నిటికంటే ఎక్కువగా ఏమరుపాటు జరిగేది 20 వారాల తర్వాత కుడి డొక్క కింద వచ్చే నొప్పి విషయంలోనేమో అనిపిస్తుంది. రక్తపోటు పెరిగి కాలేయం దెబ్బతింటున్నప్పుడు వచ్చే ఈ నొప్పిని గ్యాసు అనుకుని మందుల దుకాణంలో మాత్ర కొనడం సులభం; తలనొప్పి, చూపు మసకబారడం తోడైతే ఒక్క పూట కూడా ఆగకూడదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలను ఈ దశలో వైద్యులు చెప్పకుండా వాడితే ఉమ్మనీరు తగ్గే ప్రమాదం ఉంది. మూత్రంలో మంట, జ్వరం ఉన్నా చూపించుకోవాలి; ఆ ఇన్ఫెక్షనే నెలలు తక్కువ కాన్పుకు దారితీయగలదు.

రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, బిడ్డ కదలిక తగ్గడం వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేయాలి. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రికి వెళ్లినా, ఇంటి దగ్గరి నర్సింగ్ హోముకు వెళ్లినా, డ్యూటీ డాక్టరు ముందుగా అడిగేది ఎన్ని వారాలు, నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎంతసేపటికొకసారి వస్తోంది, బిడ్డ కదులుతోందా అనే. ఆ జవాబులతో పాటు బీపీ రాసిన కార్డు, స్కానింగ్ రిపోర్టులు చేతిలో ఉంటే చికిత్స మొదలు కావడానికి ఆలస్యం తగ్గుతుంది.