కొమ్మ అంచున ఊదారంగు

తేలినీలాపురంలో తీసిన గూడబాతుల ఫొటోని పెద్దది చేసి చూడండి. తెల్లటి ఆకాశం మీద ఎండుకొమ్మ ఫోకస్‌కి కాస్త ముందుంటే దాని అంచున ఊదారంగు, వెనకుంటే ఆకుపచ్చ కనిపిస్తాయి. అపర్చర్‌ని, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/5.6 నుంచి ఎఫ్/11కి తగ్గిస్తే (అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) ఇది చాలామటుకు పోతుంది. ఫొటో మూలల్లో మాత్రమే రంగు అంచులుండి, అపర్చర్ తగ్గించినా పోకపోతే అది వేరే జబ్బు. దాన్ని సాఫ్ట్‌వేర్ సులువుగానే దిద్దుతుంది.

గాజు నీలాన్ని ఎక్కువ వంచుతుంది, ఎరుపును తక్కువ. మామూలు క్రౌన్ గాజుతో 100 మి.మీ. నాభ్యంతరానికి ఒంటి కటకం చేస్తే ఆ రెండు రంగుల నాభుల మధ్య ఒకటిన్నర మి.మీ. తేడా వస్తుంది. విరుగుడు, రంగుల్ని ఇంకా ఎక్కువగా చీల్చే ఫ్లింట్ గాజే! 43 మి.మీ. క్రౌన్ కుంభాకార కటకానికి 76 మి.మీ. ఫ్లింట్ పుటాకార కటకం అతికిస్తే జంట నాభ్యంతరం 100 అవుతుంది, రంగుల నాభుల మధ్య మిగిలే తేడా 0.05 మి.మీ.కి దిగుతుంది. ఇలాంటి జంటకి ఇంగ్లండ్ కటకాల తయారీదారు జాన్ డోలండ్ 1758లో పేటెంట్ పొందాడు. పక్షుల కోసం వాడే 400 మి.మీ. లెన్స్‌లో ఆ మిగులూ నాలుగింతలవుతుంది. అందుకే దూరపువాటిని దగ్గరగా చూపే ఖరీదైన టెలీ లెన్సుల్లో, రంగుల్ని చాలా తక్కువగా చీల్చే ఫ్లోరైట్ స్ఫటికం పెడతారు.

ఇక బల్లపరుపు సెన్సార్ మీద బొమ్మ గిన్నెలా వంగి పడే చిక్కు. దీనికి 1893లో ఇంగ్లండ్ లెన్సుల రూపకర్త డెనిస్ టేలర్ వేసిన ఎత్తు నాకైతే అన్నిటికన్నా ముచ్చటైనది. కటకం బొమ్మని ఎంత వంచుతుందన్నది దాని బలాన్ని, గాజునిబట్టే ఉంటుంది, అది ఎక్కడున్నా ఒకటే. కిరణాన్ని ఎంత మళ్లిస్తుందన్నది మాత్రం కిరణం దాని మధ్యకి దగ్గరగా పోతోందా, దూరంగానా అన్నదానిబట్టి మారుతుంది. కాబట్టి రెండు కుంభాకారాల నడుమ, కిరణాల గుత్తి సన్నబడేచోట, గాలి సందులు వదిలి బలమైన పుటాకారం పెట్టాడు. వంపు తగ్గింది, ఫోకస్ శక్తి మిగిలింది.

మీ లెన్స్ సంగతి తేల్చడానికి పొందూరు సన్నఖాదీ చాలు. గోడకి బిగుతుగా అంటించి, ఎఫ్/1.8లో మధ్యకి ఫోకస్ చేసి పోగులు చూడండి. మూలకి ఫోకస్ మార్చగానే అక్కడ పోగులు తేటపడి మధ్య మసకైతే బొమ్మ వంపే కారణం. ఒక పక్కే మసకైతే కెమెరా తలకిందులు చేసి మళ్లీ తీయండి. మసక గుడ్డలో అదే పక్క ఉంటే కెమెరా గోడకి సమాంతరంగా లేదు. ఫ్రేములో అదే పక్క ఉంటే లోపల గాజు ఒరిగింది, లెన్స్ మార్పించుకోవలసిందే.