ఓటు ఉంది, సభ్యత్వం లేదు: వికీమీడియా పాలన వెనుక కథ

2024 జూన్ చివర్లో, జూలై మొదట్లో వికీపీడియా రాసేవాళ్లు ఒక పత్రం మీద ఓటేశారు. దాని పేరు ఉద్యమ చార్టర్. స్వచ్ఛంద రచయితల హక్కులేంటి, విరాళాల డబ్బు ఎవరు పంచాలి, వికీపీడియాను నడిపే అమెరికా సంస్థ వికీమీడియా ఫౌండేషన్ మాట ఎంతవరకు చెల్లాలి అన్నవి అందులో రాశారు. 'గ్లోబల్ కౌన్సిల్' అని ఒక ప్రాతినిధ్య సభ పెట్టాలన్నది అందులో ముఖ్యమైన ప్రతిపాదన. వ్యక్తుల ఓట్లలో దాదాపు 73 శాతం అనుకూలంగా పడ్డాయి. అనుబంధ సంఘాల ఓట్లలో అయితే 80 శాతం దాటింది. అయినా చార్టర్ అమలుకు రాలేదు. ఫౌండేషన్ ట్రస్టీల బోర్డు కూడా ఆమోదించాలన్నది ముందే పెట్టుకున్న షరతు. బోర్డు ఆమోదించలేదు.

నల్గొండ, సూర్యాపేట, పాలమూరు వైపు కూర్చుని తెలుగు వికీలో రాసేవాళ్లకూ ఇది పట్టే సంగతే. అంతమంది అవునన్నాక కాదనే అధికారం బోర్డుకు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే జవాబు 2024లో దొరకదు. 2006 దాకా వెనక్కి వెళ్లాలి.

వికీపీడియా మొదలైంది 2001 జనవరి 15న. అప్పట్లో సర్వర్లు, డొమైన్ పేరు, ఇంటర్నెట్ బిల్లు అన్నీ వికీపీడియా స్థాపకుల్లో ఒకరైన జిమ్మీ వేల్స్‌కు చెందిన బోమిస్ అనే ప్రైవేటు కంపెనీవే. ఊరికే రాసిపెట్టేవాళ్లు ఒకవైపు, ఆస్తి ఒక కంపెనీ చేతిలో ఇంకోవైపు. ఏడాది తిరిగేసరికే పేచీ వచ్చింది. ప్రకటనలు వేసే ఆలోచన ఉందని తెలిసి 2002 ఫిబ్రవరిలో స్పానిష్ రచయితలు తమ వ్యాసాలన్నీ కాపీ చేసుకుని వెళ్లి వేరు కుంపటి పెట్టుకున్నారు. రాసినదంతా స్వేచ్ఛా లైసెన్సు కింద ఉంది కాబట్టి ఆపేవాడు లేడు. ఆ దెబ్బ బాగానే తగిలింది. అదే ఏడాది ఆగస్టులో వికీపీడియా డాట్ కామ్ నుంచి డాట్ ఆర్గ్‌కు మారింది. 2003 జూన్ 20న ఫ్లోరిడాలో లాభాపేక్ష లేని సంస్థగా వికీమీడియా ఫౌండేషన్ పుట్టింది. తెలుగు వికీపీడియా ఆ డిసెంబరులోనే మొదలైంది.

మొదటి బోర్డులో వేల్స్, ఆయన వ్యాపార భాగస్వాములు ఇద్దరు. 2004లో ఎన్నికలు పెడితే ఫ్రాన్స్ నుంచి ఫ్లోరెన్స్ దెవువార్, బ్రిటన్ నుంచి ఏంజెలా బీస్లీ గెలిచారు. తొలి బైలాస్‌లో, అంటే సంస్థ నియమావళిలో, సభ్యత్వం అనే మాట ఉంది. వికీలో రాసేవాళ్లు సంస్థకు సభ్యులవుతారన్నది అప్పటి ఉద్దేశం. అది అమలు కాలేదు. రిజిస్టర్ ఉండాలి, అందులో ఎవరు ఎవరో తెలియాలి. మారుపేర్లతో రాసే వేలమందికి ఫ్లోరిడా చట్టం అడిగే పద్ధతిలో సభ్యుల నమోదు సాధ్యం కాదని తేల్చుకుని, 2006 డిసెంబరులో బోర్డు బైలాస్ సవరించింది. సభ్యత్వం ఊసు మొత్తం తీసేసింది. అప్పట్లో దీని మీద పెద్ద గోల జరగలేదు. జరగాల్సింది.

మన దగ్గర పద్ధతితో పోల్చుకుంటే తేడా తెలుస్తుంది. నల్గొండలో ఒక యువజన సంఘం రిజిస్టర్ చేయాలంటే 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. బైలాస్ రాసుకోవాలి, ఏటా జనరల్ బాడీ పెట్టాలి, కార్యవర్గం ఆ జనరల్ బాడీకి లెక్క చెప్పాలి. అధ్యక్షుడు నచ్చకపోతే దించే దారి కాగితం మీదైనా ఉంటుంది. 2023-24లో దాదాపు 17.8 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టిన ఫౌండేషన్‌కు జనరల్ బాడీ లేదు. ట్రస్టీలే తమ తర్వాతి ట్రస్టీలను నియమించుకుంటారు. ఎన్నికలు జరిగే మాట నిజమే. మొత్తం 300 దిద్దుబాట్లు, ఇటీవలి నెలల్లో ఓ 20 దిద్దుబాట్లు ఉంటే ఎవరైనా ఓటేయవచ్చు. కానీ గెలిచినవాళ్లను సీట్లో కూర్చోబెట్టేది బోర్డు తీర్మానమే. ఓటు పేరు సూచిస్తుంది, నియామకం బోర్డు చేస్తుంది.

సభ్యత్వం అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, దాని బరువేంటో ఈ నేలకు బాగా తెలుసు. 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు అది చదువుకున్నవాళ్ల సభ. 1940లలో సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి నాలుగణాలకు దించాక పల్లె జనం లోపలికి వచ్చారు. వాళ్లొచ్చాక తీర్మానాలూ మారాయి, నాయకత్వమూ మారింది. 1944 భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యే నాటికి పాత పెద్దలు కొందరు వేరైపోయారు. సభ్యుడెవరన్నది తేలితే సంస్థ ఎవరిదన్నదీ తేలిపోతుంది. ఫౌండేషన్ 2006లో ఆ ప్రశ్ననే పక్కన పెట్టేసింది.

ఆ తర్వాతి గొడవలన్నీ ఈ ఖాళీలోంచి వచ్చినవే. 2015లో రచయితల ఓట్లతో గెలిచిన కెనడా డాక్టర్ జేమ్స్ హైల్‌మన్‌ను డిసెంబరులో మిగతా ట్రస్టీలు 8-2 ఓట్లతో తీసేశారు. ఫ్లోరిడా చట్టం దానికి అడ్డు చెప్పదు. అదే సమయంలో సెర్చ్ ప్రాజెక్టు ఒకదాని మీద గుట్టుగా వ్యవహరించారని సిబ్బందిలోనూ అసంతృప్తి రేగి, 2016 ఫిబ్రవరిలో అప్పటి ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ లీలా ట్రెటికోవ్ రాజీనామా చేశారు. 2017లో హైల్‌మన్ మళ్లీ పోటీ చేసి మళ్లీ గెలిచారు. 2019లో ఇంగ్లిష్ వికీ నిర్వాహకుడు ఒకరిని ఫౌండేషన్ నేరుగా ఏడాది పాటు నిషేధిస్తే, ఇరవైమందికి పైగా నిర్వాహకులు బాధ్యతలు వదిలేశారు. చివరికి ఆ కేసును అక్కడి రచయితలు ఎన్నుకున్న పంచాయితీ కమిటీకి అప్పగించాల్సి వచ్చింది. కాగితం మీద హక్కు లేకపోయినా పని ఆపేస్తే సంస్థ ఆగుతుందని అప్పుడు రుజువైంది.

ఆ పని ఎలాంటిదో మన జిల్లాల్లోనే చూడొచ్చు. తెలుగు వికీలో ఊరూరికీ పేజీ ఉంది. 2016 అక్టోబరు 11న పాత నల్గొండ మూడు జిల్లాలైంది. పాత మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట. షాద్‌నగర్, ఆమనగల్లు రంగారెడ్డికి పోతే కొడంగల్ వికారాబాద్‌కు పోయింది. అంటే జిల్లా మారిన ప్రతి ఊరి పేజీలో మొదటి వాక్యం మారాలి. పక్కన సమాచారపెట్టెలో మండలం, జిల్లా మారాలి, అడుగున వర్గం మారాలి, పాత మండలం పేజీలో జాబితా నుంచి ఊరి పేరు తీసి కొత్త మండలంలో చేర్చాలి. 2011 జనాభా లెక్కలేమో పాత జిల్లా పేరు మీదే ఉంటాయి, జీవో ఇంకో పేరు చెబుతుంది. రెండూ పోకుండా, పునర్వ్యవస్థీకరణకు ముందు ఏ జిల్లాలో ఉండేదో కూడా ఒక వాక్యం రాయాలి. ఇదంతా చేసినవాళ్లకు పైసా రాలేదు. ఆమనగల్లు ఏ జిల్లాలో ఉందో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫౌండేషన్ ఆఫీసుకు తెలియాల్సిన పనీ లేదు.

అలాగని సభ్యత్వం ఉంటే అన్నీ సర్దుకునేవని అనలేం. మన దేశంలో సభ్యులు, ఎన్నికలు, జనరల్ బాడీ అన్నీ ఉన్న సంఘం ఒకటి నడిచింది. 2011 జనవరిలో బెంగళూరులో రిజిస్టరైన వికీమీడియా ఇండియా చాప్టర్ అది. విదేశీ విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, దాని కాళ్లకు అడ్డం పడింది. ఫౌండేషన్ గ్రాంటు తీసుకోవాలంటే అనుమతి కావాలి, అది లేకపోతే డబ్బు రాదు, డబ్బు లేకపోతే పని సాగదు. 2019లో చాప్టర్ గుర్తింపు రద్దయింది. ఈలోగా 2012 నుంచి బెంగళూరులోనే ఉన్న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ద్వారా ఫౌండేషన్ డబ్బుతో భారతీయ భాషల పని నడిచింది. తెలుగుకూ అందులో వాటా దక్కింది. కానీ ఆ సంస్థకు వికీ రచయితలు సభ్యులు కారు.

బోర్డు 2024లో చెప్పిన కారణాలు కూడా ఒట్టి సాకులని నేననుకోను. గ్లోబల్ కౌన్సిల్ పని ఏంటో స్పష్టంగా లేదని, ఖర్చు, చిక్కులు పెరుగుతాయని అన్నారు. కోర్టు మెట్లెక్కాల్సి వస్తే ఎక్కేది ఫౌండేషనే. తన గురించిన వికీపీడియా వ్యాసం మీద ఏఎన్ఐ వార్తా సంస్థ వేసిన పరువునష్టం దావాలో 2024లో ఢిల్లీ హైకోర్టు ఆ వ్యాసం దిద్దినవాళ్ల వివరాలు ఇమ్మని అడిగింది. అదే నవంబరులో ఆ రచయితల పేర్లు బయటపడకుండా ఫౌండేషనే సమన్లు అందజేసేలా ఒప్పందం కుదిరింది. ఆ కేసు గురించి రాసిన పేజీ మాత్రం అక్టోబరులోనే కోర్టు ఆదేశంతో తీసేయాల్సి వచ్చింది. 2025 మేలో ఆ ఆదేశాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. మారుపేరుతో రాసే మిర్యాలగూడ కుర్రాడు ఇలాంటి కేసు ఒంటరిగా తట్టుకోలేడు.

చార్టర్‌కు బదులు బోర్డు రెండు ప్రయోగాలు ముందుకు తెచ్చింది. గ్రాంట్లు పంచే విషయం చూసే కమిటీ ఒకటి, సాఫ్ట్‌వేర్ మీద సలహా ఇచ్చే మండలి ఒకటి. మొదటిది బాగా పనిచేసి, దక్షిణ తెలంగాణలోని ఒక వికీ సంఘానికి డబ్బు మంజూరు చేసిందనే అనుకుందాం. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ, కేంద్రం ముందస్తు అనుమతి గానీ లేని సంఘం ఆ డబ్బు ముట్టుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న ఇంకో సంస్థ తీసుకుని అందివ్వడానికీ 2020 సవరణ ఒప్పుకోదు. సొంతంగా రిజిస్ట్రేషన్ తెచ్చుకుందామంటే సంఘానికి మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షల రూపాయలు ఖర్చుపెట్టినట్టు ఆడిట్ లెక్కలు చూపించాలి. సొంత ఫోన్, సొంత డేటా ప్యాక్‌తో ఊళ్ల పేజీలు దిద్దుకునే పదిమంది ఆ 15 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు?