పెద్ద ఇంగ్లీషు మాటలు వంటపట్టాలంటే

చిరంజీవులకు పెదనాన్న ఆశీస్సులు.

విదేశాల్లో పై చదువులకు రాసే జీఆర్‌ఈ పరీక్షకు చదువుతూ రోజుకు యాభై మాటలు బట్టీ పడుతున్నామనీ, వారం తిరిగేసరికి సగం ఎగిరిపోతున్నాయనీ ఫోన్‌లో వాపోయారు. ఎగిరిపోక ఏం చేస్తాయి? ఒక మాట, పక్కన అర్థం, కింద దానికి ఏ సంబంధమూ లేని ఇంకో మాట. అలాంటి జాబితాను బుర్ర ఎంతకాలమని మోస్తుంది?

ఆహారం, విహారం, సంహారం, పరిహారం స్కూల్లో చదువుకున్నారు కదా. ధాతువు ఒకటే, ముందున్న ఉపసర్గ మారితే అర్థం మారిపోతుంది. ఇంగ్లీషులోనూ ఇలాంటి కుటుంబాలున్నాయి. లాటిన్‌ నుంచి వచ్చిన ‘స్పెక్ట్’ అంటే చూడటం. రెట్రోస్పెక్ట్ వెనక్కి చూసుకోవడం, ఇంట్రోస్పెక్షన్ తన లోపలికి తాను చూసుకోవడం. ఆట చూసే స్పెక్టేటర్, కళ్లకు పెట్టుకునే స్పెక్టకిల్స్ కూడా ఈ ఇంటివే. ఇప్పుడు మిమ్మల్ని భయపెట్టే సర్కమ్‌స్పెక్ట్ సంగతి చూడండి. లెక్కల్లో వృత్తం చుట్టుకొలతను సర్కమ్‌ఫరెన్స్ అంటారే, ఆ ‘సర్కమ్’ ఇదే. చుట్టూ చూసుకుని, ఆచితూచి అడుగేసే మనిషి సర్కమ్‌స్పెక్ట్. ఇక దీన్ని బట్టీ పట్టేదేముంది?

అలాగని ఈ పిచ్చి ముదిరితే బోల్తా పడతారు. నాయిసమ్‌లో చప్పుడేమీ లేదు, ముక్కు మూసుకునేంత కంపు తప్ప. ఎనర్వేట్ అంటే ఎనర్జీ ఇవ్వడం కాదు, ఉన్న సత్తువ కాస్తా లాగేయడం. కాబట్టి ముందు ఊహించండి, తర్వాత డిక్షనరీ తీయండి. తీశాక అర్థం దగ్గరే ఆగకుండా కింద ఇచ్చిన వాక్యం కూడా చదవండి.

నన్నడిగితే అర్థం కన్నా ఆ వాక్యమే ముఖ్యం. ఫ్రూగల్, స్టింజీ రెండూ చేతిలోంచి డబ్బు తేలిగ్గా జారనివ్వని వాళ్ల గురించే. కానీ మీ నానమ్మను ఫ్రూగల్ అంటే మురిసిపోతుంది, స్టింజీ అంటే ఆ పూట మీకు అన్నం పెట్టదు. పొదుపరికీ పిసినారికీ ఉన్న తేడా అది. జీఆర్‌ఈలో వ్యతిరేక పదాల ప్రశ్నలు 2011లోనే తీసేశారు. ఇప్పుడు మాటను వాక్యంలో పెట్టే అడుగుతారు. ఆరు మాటలిచ్చి, ఖాళీలో ఏ రెండు పెడితే ఒకే అర్థం వస్తుందో చెప్పమంటారు. ఒంటి అర్థాలు బట్టీ పట్టినవాళ్లకు టెన్షన్ పుట్టేది అక్కడే.

ఇక మరచిపోవడం అంటారా, అది అందరికీ ఉన్నదే. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ అర్థంలేని అక్షరాల ముక్కలు తానే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత పోతోందో లెక్కగట్టి 1885లో పుస్తకం వేశాడు. మొదటి కొన్ని గంటల్లోనే చాలావరకు పోతుంది, ఆ తర్వాత మెల్లగా. అందుకని ఒకే రాత్రి పదిసార్లు వల్లించకండి. రేపోసారి, మూడు రోజులకోసారి, వారానికోసారి చూడండి. అదీ అర్థాన్ని చేత్తో మూసి, ముందు గుర్తు తెచ్చుకుని.

యాభై వద్దు, రోజుకు పది చాలు. ఒక్కోదానికి ఇంట్లోవాళ్ల మీద ఒక సొంత వాక్యం రాయండి. గ్యారులస్, అంటే వాగుడుకాయ, దగ్గరకొచ్చేసరికి మీకు నేనే గుర్తొస్తానని తెలుసు. ఫర్వాలేదు, రాసి పంపండి. తప్పులుంటే దిద్దుతాను.

మీ
పెదనాన్న