ఫోన్‌లో నెట్ వస్తోంది, ల్యాప్‌టాప్‌లోనే రావట్లేదు: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ల్యాప్‌టాప్ సర్వీసు షాపు నాది. వారానికి ముగ్గురైనా వచ్చి ల్యాప్‌టాప్ టేబుల్ మీద పెట్టి ఒకటే మాట చెబుతారు: "ఫోన్‌లో నెట్ బ్రహ్మాండంగా వస్తోందండీ, దీన్లోనే రావట్లేదు, వైఫై కార్డు పోయినట్టుంది." నా షాపు వైఫైకి కలుపుతాను. వెంటనే వస్తుంది. అప్పుడు నన్నే అనుమానంగా చూస్తారు.

అపోహ: ఫోన్‌లో వస్తోందంటే ఇంట్లో నెట్ బాగున్నట్టే, తప్పంతా ల్యాప్‌టాప్‌దే.

వాస్తవం: వైఫైలో నెట్ లేదని తెలియగానే చాలా ఫోన్లు చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకి మారిపోతాయి. ఐఫోన్‌లో దీని పేరు వైఫై అసిస్ట్, 2015లో ఐఓఎస్ 9తో వచ్చింది, మనం వెళ్లి ఆపితే తప్ప ఆన్‌లోనే ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. మీ ల్యాప్‌టాప్‌కి సిమ్ లేదు కాబట్టి పాపం అది ఉన్నమాట చెప్పి తిట్లు తింటుంది. ముందు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయండి, ల్యాప్‌టాప్ ఉన్న చోటే కూర్చుని ఇంతకుముందు చూడని వీడియో ఏదైనా పెట్టండి. అదీ గిర్రున తిరుగుతూ ఉంటే ల్యాప్‌టాప్ జోలికే వెళ్లకండి, ఫార్మాట్ అసలే వద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆమధ్య ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చారు. అప్పటికే వేరే షాపులో డీ డ్రైవ్‌తో సహా ఫార్మాట్ చేసేశారు. అమ్మాయి పెళ్లి ఫొటోలు పోయాయి, నెట్ మాత్రం రాలేదు. నా దగ్గర అర నిమిషంలో కలిసింది. "మరి మా ఇంట్లో ఎందుకు రాదు బాబూ" అని కళ్లనీళ్లు పెట్టుకుంటే ఉండబట్టలేక షాపు మూశాక వాళ్లింటికి వెళ్లాను. టీవీ పక్కన ఫైబర్ బాక్సు మీద దుమ్ము పడకుండా క్రోషా గుడ్డ కప్పి ఉంది. అది తీస్తే కింద ఎల్ఓఎస్ లైటు ఎర్రగా కొట్టుకుంటోంది. ఆ లైటు ఎర్రగా ఉందంటే ఫైబర్‌లో సిగ్నలే బాక్సు దాకా రావట్లేదని. సోఫా జరిపినప్పుడు సన్నటి పసుపు వైరు దాని కాలి కింద పడి నలిగిపోయింది, అంతే సంగతి. మర్నాడు నెట్ వాళ్లు వచ్చి వైరు మార్చి వెళ్లారు. పాత హార్డ్ డిస్కు కాబట్టి ఫొటోలు సగమైనా వెనక్కి తీయగలిగాను, కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండే చిప్ డ్రైవ్, అంటే ఎస్ఎస్‌డీ అయ్యుంటే ఆ సగం కూడా కష్టమే.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

సిగ్నల్ గీతలు నిండుగా ఉంటే నెట్ ఉన్నట్టు కాదు. అవి ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య సంగతే చెబుతాయి, రౌటర్ అవతల ఏం జరుగుతోందో వాటికి తెలియదు.

ప్లాన్ పెంచితే స్పీడు పెరుగుతుందా? వైఫై ప్రాపర్టీస్‌లో లింక్ స్పీడ్ (ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య వేగం) 72 అని చూపిస్తుంటే మీరు 300 ఎంబీపీఎస్ ప్లాన్ కట్టినా ఆ 72 కూడా పూర్తిగా అందదు. ల్యాప్‌టాప్‌లో సౌకర్యం ఉంటే ఇంకా వేగంగా ఉండే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారండి. అది గోడలు దాటడంలో వీక్, కాబట్టి ఇనప బీరువా వెనక దాచిన రౌటర్‌ని ముందు బయటికి తీయండి.

రౌటర్‌ని ఆపి మళ్లీ ఆన్ చేసే రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. రీసెట్ కోసం పిన్నుతో నొక్కే చిన్న రంధ్రం జోలికి పోవద్దు. కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అన్నీ చెరిగిపోయి మళ్లీ నెట్ వాళ్లు వచ్చేదాకా ఎదురుచూడాలి.

నెట్ ఉన్నా ఒక్క సైటూ తెరుచుకోవట్లేదా? గడియారం చూడండి. పాత ల్యాప్‌టాప్‌లలో లోపలి చిన్న సెల్ అయిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, సైట్లు రానివ్వవు.

పక్కింటివాళ్లు నెట్ లాగేస్తున్నారనే కంప్లైంటుకి పాస్‌వర్డ్ మార్చడమే జవాబు, గొడవకి వెళ్లకండి. వైఫై బూస్టర్ అనే యాప్‌ల గురించి నన్ను అడగకండి, బీపీ పెరుగుతుంది.

పది నిమిషాల్లో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉండి చేతులు వణుకుతున్నాయా, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో మొబైల్ డేటా ఆన్ చేసి, డేటా కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఫోన్ నెట్‌ని కేబుల్‌లోంచి ల్యాప్‌టాప్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ సెట్టింగ్ ఆన్ చేయండి. వైఫై కార్డు నిజంగానే పోయినా పని నడుస్తుంది.

టీచరమ్మ ఇప్పటికీ ఆ గుడ్డ కప్పుతూనే ఉన్నారు. బాక్సు వేడెక్కుతుందమ్మా అన్నా వినరు, లైట్లున్న వైపు మాత్రం మడిచి పెడుతున్నారట.